ఎనిమిదిలోంచి నాలుగు తీసి ఒకటి కలిపితే

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీది పెట్టెలోంచి పాత క్యాసెట్ ఒకటి బయటపడింది. టేపు ఎప్పుడో ముడతలు పడి పనికిరాకుండా పోయింది కానీ అట్ట మీది ఫొటో మాత్రం చెక్కుచెదరలేదు. మీసకట్టు కూడా సరిగా రాని కుర్రాడు బాసింపట్టు వేసుకుని, ఒళ్లో బుల్లి వాయిద్యం పెట్టుకుని, కళ్లు అరమోడ్చి వాయిస్తున్నాడు. ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్, మా గోదావరి వాళ్లకు పాలకొల్లు శ్రీనివాస్.

సంగీతం నేర్చుకుంటున్న మా మేనల్లుడు ఆ అట్టను వెలుతురులో పెట్టి చూశాడు. "మావయ్యా, ఇది మాండలిన్ కాదు" అన్నాడు. "మాండలిన్‌కి ఎనిమిది తీగలుంటాయి. దీనికి ఐదే ఉన్నాయి, నువ్వే లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. మెడ చివర బిరడాలు ఐదే. ఆయన కచేరీలు ఇన్నేళ్లుగా వింటున్నాను. తోడి రాగం విని కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. బిరడాలు లెక్కపెట్టాలని మాత్రం ఏనాడూ తోచలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పటినుంచో మనసులో నలుగుతున్న ఇంకో ప్రశ్న కూడా దీంతోపాటు లేచింది. క్షీరారామం గోపురం నీడలో పుట్టిన పిల్లవాడు, త్యాగరాజ కృతులు తప్ప వేరే లోకం లేనివాడు, జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి జాజ్ గిటార్ వాద్యకారుడి పక్కన అంత సులువుగా ఎలా ఇమిడిపోయాడు? ఈ రెండు చిక్కుముళ్లకూ దారం ఒకటేనని అప్పుడు నాకు తెలియదు.

ముందు మాండలిన్ సంగతి చూద్దాం. ఇటలీలో, ముఖ్యంగా నేపుల్స్ నగరంలో, 18వ శతాబ్దంలో దీని ఆకారం స్థిరపడింది. తీగలు ఎనిమిది, శ్రుతులు మాత్రం నాలుగు. ప్రతి శ్రుతికీ రెండేసి తీగలు కవలల్లా పక్కపక్కనే ఉంటాయి. ఆ నాలుగూ వయొలిన్ తీగల శ్రుతులే. అయితే వయొలిన్‌కి విల్లుంది, లాగినంతసేపూ నాదం సాగుతుంది. మాండలిన్‌కి మీటు తప్ప మరో దారి లేదు. పొట్టి తీగ కావడంతో మీటగానే టింగుమని మోగి అంతలోనే ఆరిపోతుంది. దీనికి ఆ దేశం వాళ్లు రెండు ఉపాయాలు కనిపెట్టారు. తీగను జంట చేస్తే శబ్దం పెరుగుతుంది. ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ పోతే అది సాగుతున్నట్టే చెవికి తోస్తుంది. పాత సినిమా పాటల్లో మాండలిన్ వణుకుతున్నట్టు వినపడేది ఈ రెండో ఉపాయం వల్లే.

అంటే శ్రీనివాస్ వాయిద్యంలో జరిగింది ఒక తీసివేత, ఒక కూడిక. ప్రతి జంటలోంచీ ఒకటి చొప్పున నాలుగు తీగలు పోయాయి, కొత్తగా ఒకటి వచ్చింది. శబ్దం కోసం రెండు శతాబ్దాలుగా అందరూ కాపాడుకుంటూ వచ్చిన జంటను ఎందుకు విడదీసినట్టు?

ఇలాంటి ప్రశ్నకు పుస్తకం కంటే చెయ్యి ముందు జవాబు చెబుతుంది. మా పెదనాన్న నాటకాల రోజుల్లో కొన్న మాండలిన్ ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని పట్టుకుని రాజమండ్రి వెళ్లాను. అక్కడ ఒక సందులో హార్మోనియాలు, తబలాలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. పని చెబితే కళ్లద్దాలు పైకి తోసి నా వంక చూశారు.

"జంటలో ఒకటి తీసేత్తే గొంతు తగ్గిపోద్దండి. ఆయ్. సగం పోద్ది. మరి మీ ఇష్టం."

"తియ్యక ముందు ఒకసారి లాగి చూస్తానండి" అన్నాను.

మెట్టు మీద వేలు ఆనించి, మీటి, వీణ మీద చేసినట్టు తీగను పక్కకు లాగాను. వేలు ఒకటి, దాని కింద తీగలు రెండు. ముందున్న తీగ ఎక్కువ సాగింది, వెనకది తక్కువ సాగింది. అప్పటిదాకా ఒకే గొంతుతో పలికిన కవలలు రెండు శ్రుతులుగా విడిపోయి అపస్వరం పలికారు. ఎన్నిసార్లు లాగినా అదే వరస. పెద్దాయన నవ్వలేదు, విసుక్కోలేదు. నాలుగు బిరడాలు వదులు చేసి నాలుగు తీగలూ తీశారు. "ఇప్పుడు లాగండి" అన్నారు.

ఈసారి స్వరం గొంతులోంచి వచ్చినట్టే పైకి జారింది. ఒంటరి తీగకు చెప్పిన మాట వినే గుణం ఉంది. కానీ ఆయన అన్నది కూడా నిజమే. జారుతూ జారుతూ సగం దారిలోనే ఆరిపోయింది. తోడి గాంధారం కనీసం రెండు ఊపులైనా ఊగకుండా మౌనమైపోయింది.

తోడి గాంధారం సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ కథ మొత్తానికి కీలకం అక్కడుంది. మన సంగీతంలో స్వరం గోడకు కొట్టిన మేకు కాదు, ఉయ్యాల. తోడిలో గాంధారం ఒక చోట నిలబడదు, పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టుకుంటే అది గాంధారమే అవుతుంది కానీ తోడి కాదు. ఆ ఊపును గమకం అంటాం. మనిషి గొంతుకు అది ఊపిరంత సహజం. వయొలిన్‌కి మెట్లు లేవు కాబట్టి వేలు జారిస్తే సరిపోతుంది. వీణకు మెట్లున్నాయి, కానీ అవి మైనం మీద ఎత్తుగా కూర్చుంటాయి కనుక తీగను పక్కకు లాగి కింది మెట్టు మీదే మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. మాండలిన్‌కి ఈ రెండు సుఖాలూ లేవు. మెట్లు దగ్గర దగ్గరగా పలక మీద అతుక్కుని ఉంటాయి, తీగలు బిగువుగా ఉంటాయి, పైగా జంట.

కాబట్టి మొదటి ముడి వీడింది. నాలుగు తీగలు గమకం కోసం పోయాయి. ఒక ముడి విప్పితే దాని కిందే ఇంకొకటి కనిపించింది. శబ్దం సగమై, స్వరం మధ్యలోనే ఆరిపోతే ఆ గమకం సభలో ఎవరికి వినపడుతుంది?

అట్ట మీది ఫొటోలోనే రెండో ఆధారం ఉంది. వాయిద్యం అంచు నుంచి సన్నటి వైరు ఒకటి కిందికి దిగుతోంది. కరెంటు. తీగ కదలికను పట్టుకునే పికప్, దాన్ని పెంచే యాంప్లిఫైయర్. మీటినప్పుడు పుట్టిన నాదం తోక ఎంత సన్నగా మిగిలినా యంత్రం దాన్ని పట్టి వినిపిస్తుంది. స్వరం చివర దాకా ఊగడానికి వ్యవధి దొరుకుతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించడం ఆధునికత మీద మోజు అని అప్పట్లో కొందరు సంప్రదాయవాదులు గొణిగేవారు. ఒంటి తీగ లేకపోతే గమకం లేదు. ఒంటి తీగ వేశాక కరెంటు లేకపోతే శబ్దం లేదు. ఒకటి రెండోదాన్ని తప్పనిసరి చేసింది. ఐదో తీగ కూడా మోజు కాదు. పాటగాడు మంద్రస్థాయిలోకి దిగినప్పుడు వెంట దిగడానికి మాండలిన్‌కి చోటు చాలదు. కింద ఇంకో తీగ కలిపితే ఆ చోటు దొరుకుతుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మైకులు సరిగా లేని రోజుల్లో మైసూరు చౌడయ్య తన వయొలిన్ నాదం పెద్ద సభల్లో వెనక వరుస దాకా చేరడం లేదని నాలుగు తీగలకు మరో మూడు కలిపి ఏడు తీగల వయొలిన్ చేయించుకున్నారు. ఆయన పక్కవాద్యం వాయించిన గాయకుల్లో చెంబై వైద్యనాథ భాగవతార్ ఒకరు. ఆ చెంబైకి శిష్యుడు రుద్రరాజు సుబ్బరాజు గారు. సుబ్బరాజు గారికి శిష్యుడు మన శ్రీనివాస్. ఒకే గొంతు చుట్టూ అల్లుకున్న పరంపరలో, మైకు రాకముందు ఒకరు తీగల్ని జంట చేశారు, మైకు వచ్చాక ఇంకొకరు జంటల్ని విడదీశారు. చూడటానికి రెండూ ఎదురెదురు పనులు. ఇద్దరూ కోరుకున్నది మాత్రం గొంతు పక్కన తమ తీగ తలెత్తుకోవాలని.

సరే, ఎందుకో తెలిసింది. ఎలా మొదలైందో తెలియాలంటే పాలకొల్లు వెళ్లాలి.

పాలకొల్లు కాలువల నడుమ ఉన్న ఊరు. ఒకప్పుడు డచ్చి వాళ్లు వస్త్రవ్యాపారం కోసం స్థావరం పెట్టుకున్న చోటు. నాటకాలకు, సినిమాకు మనుషుల్ని పంపిన ఊరు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు ఇక్కడివాళ్లే. శ్రీనివాస్ ఇక్కడే 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు.

ఆ క్లారినెట్ నాకు పెద్ద ఆధారంగా తోచింది. మా వైపు పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం క్లారినెట్ మీద త్యాగరాజ కృతి ఎత్తుకోవడం విని పెరిగినవాళ్లకు ఇది పరదేశీ వాయిద్యం, ఇది మనది అన్న గీత ఉండదు. వయొలిన్ కూడా అలా వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ దాన్ని నేర్చి మన పాటకు మలిచారు. తరవాత మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది ఇక్కడే పుట్టిందా అన్నట్టు పలికింది. క్లారినెట్ ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మాండలిన్ కొత్త కాదు. ఐదారేళ్ల వయసులో తండ్రి మాండలిన్ చేతిలోకి తీసుకుని మీటడం మొదలుపెట్టాడు. వాడి చెయ్యి చూసి తండ్రి కొత్త మాండలిన్ కొనిచ్చి తానే పాఠం మొదలుపెట్టారు.

ఇక్కడ నేను ఒక తప్పుదారి పట్టాను. 1975లో బాపు, ముళ్లపూడి వెంకటరమణల ‘ముత్యాల ముగ్గు’ వచ్చింది. కె.వి. మహదేవన్ సంగీతం. ఆ సినిమాలో నేపథ్యమంతా పరుచుకున్న మాండలిన్ బొంబాయి సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్‌ది. ఆయన మాండలిన్ మీద హిందుస్తానీ రాగాలు పలికించిన ఘనుడు. సంవత్సరం చూడండి. శ్రీనివాస్‌కి ఆరేళ్లు. కోస్తా జిల్లాల్లో ఆ సినిమా ఆడని హాలు లేదు. ఇంకేం, జవాబు దొరికిందనుకుని రెండు రోజులు సంబరపడ్డాను.

కానీ ఆధారం ఆకర్షణగా ఉన్నంత మాత్రాన అది దారి అవదు. సజ్జాద్ వాదన మళ్లీ మళ్లీ విన్నాను. అందులో ఉన్నది మీటు గొప్పతనం, జారులోని నయం. శ్రీనివాస్‌లో ఉన్నది వేరు. వర్ణం, కృతి, నెరవు, కల్పనస్వరం అన్నీ పాటగాడు పాడిన తీరులోనే ఉంటాయి. ఊపిరి తీసుకునే చోట్లు కూడా పాటగాడివే. ఏ మాండలిన్ వాద్యకారుణ్ణి అనుకరించినా ఈ తీరు రాదు. 1976లో గిటార్ వాద్యకారుడు వాసూరావు ఏడేళ్ల శ్రీనివాస్‌కి పాశ్చాత్య సంగీతం పరిచయం చేసిన మాట నిజం. ఎడమచేతి వేళ్లకు ఆ శిక్షణ ఎంతో ఉపకరించి ఉండాలి. అయినా తోడి గాంధారం గిటార్ పాఠంలో ఉండదు.

అసలు తాళంచెవి సుబ్బరాజు గారి దగ్గర ఉంది. ఆయన సత్యనారాయణ గారికి కూడా గురువు. పిల్లవాడికి గాత్రం చెబుతూ, వాడి చేతిలో మాండలిన్ ఏం చేయగలదో గమనించి దాని మీదే నేర్పడం మొదలుపెట్టారు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. విన్నది విన్నట్టు పిల్లవాడు తీగ మీదికి తెచ్చుకునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో, ఏ తీగ మీద పలికించాలో చూపించేవాళ్లు లేరు. ఎదురుగా ఉన్నది ఒక గొంతు మాత్రమే. అదీ చెంబై బాణీ గొంతు. స్వరాన్ని దాచుకోకుండా నిండుగా, బిగ్గరగా, నిలిపి పాడే బాణీ.

ఈ విషయం నేను ఎప్పుడో చదివాను. గురువుకు వాయిద్యం రాకపోయినా శిష్యుడు నేర్చాడు అని అద్భుతంగా చెప్పుకుంటాం, చెప్పుకుని వదిలేస్తాం. తీగలు తీసేసిన మాండలిన్ ఒళ్లో పెట్టుకున్నాక గానీ అది అద్భుతం కాదు, కారణం అని నాకు అర్థం కాలేదు. మాండలిన్ తెలిసిన గురువే దొరికి ఉంటే మాండలిన్‌కి వచ్చేవి మాత్రమే నేర్పేవాడు. దానికి రానిది ఏమిటో కూడా నేర్పేవాడు: ఇది దీని మీద పలకదు బాబూ, వదిలేయ్, వణికించి వాయించు అనేవాడు. సుబ్బరాజు గారికి ఆ హద్దులు తెలియవు. పాడేసేవారు. పిల్లవాడు ఆ గొంతు పలికినట్టే పలకాలి. తీగ పలకకపోతే మారవలసింది తీగే, పాట కాదు. నాలుగు తీగలు పోవడం, ఒకటి రావడం, వైరు తగలడం అన్నీ ఆ పాఠం నుంచే పుట్టాయని నేను నమ్ముతున్నాను. ఏ మార్పు తీసుకుని వెనక్కి నడిచినా ఆ పాడే మనిషి దగ్గరికే చేరుతాం.

తరవాతి మెట్లు అందరికీ తెలిసినవే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సంగీతోత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో కచేరీ చేశాడు, మద్రాసు ఆశ్చర్యపోయింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలుపు వచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్లు.

జాజ్ ఉత్సవానికే ఎందుకు? ఇక్కడి నుంచి రెండో చిక్కుముడి.

సముద్రం అవతలి నుంచి చూడాలి. ఇటలీ వలసదారుల వెంట మాండలిన్ అమెరికా చేరింది. కెంటకీ రాష్ట్రంలో బిల్ మన్రో అనే పల్లెటూరి కుర్రాడు దాన్ని అక్కడి జానపద సంగీతానికి గుండెకాయగా చేశాడు. బ్లూగ్రాస్ అనే బాణీకి ఆయనే ఆద్యుడు. చిన్నతనంలో ఆయన ఆర్నాల్డ్ షుల్జ్ అనే నల్లజాతి వాద్యకారుడి పక్కన ఊళ్లలో నాట్యాలకు వాయించాడు. షుల్జ్ గిటార్‌లోని బ్లూస్ మన్రో మాండలిన్‌లోకి ప్రవహించింది. బ్లూస్ అంటే ఏమిటి? బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాల పొలం పాటల్లో, చర్చి పాటల్లో ఊరిన దుఃఖం, ఊరట. అది ముందు గొంతు. గిటార్ ఆ గొంతుకు బదులు చెప్పడం నేర్చుకుంది. గొంతు జారితే గిటార్ కూడా జారాలి. సీసా మెడ ముక్క వేలికి తొడుక్కుని తీగ మీద జార్చారు, లేదా తీగను పక్కకు లాగారు. బ్లూస్ పాటగాళ్లు గాంధారాన్ని మన సాధారణ, అంతర గాంధారాల నడుమ ఎక్కడో పట్టుకుని వంచుతారు. దానికి వాళ్లు బ్లూ నోట్ అని పేరు పెట్టుకున్నారు. అది విన్న మొదటిసారి నాకు పరదేశీ సంగీతం అనిపించలేదు. ఎవరో దూరపు బంధువు మాట తీరులా అనిపించింది.

మన్రో జంట తీగలు వదల్లేదు. ఆయన బాణీలో మాండలిన్ చురుగ్గా, పదునుగా నడవాలి కాబట్టి అవి ఆయనకు అడ్డం రాలేదు. టెక్సాస్ వాడైన టైనీ మూర్‌కి అడ్డం వచ్చాయి. ఈయన బాబ్ విల్స్ బృందంలో పల్లె ఫిడేలు పాటల్ని, బ్లూస్‌నూ, జాజ్‌నూ కలిపి వాయించేవాడు. జాజ్ గిటార్ వాళ్లలా ఒంటి తీగ మీద గీతలు గీసినట్టు వాయించాలని ఆయన కోరిక. 1952లో కాలిఫోర్నియాలో పాల్ బిగ్స్‌బీ అనే వాయిద్యాల తయారీదారు ఆయనకు ఒక ఎలక్ట్రిక్ మాండలిన్ చేసిచ్చాడు. దానికి ఎన్ని తీగలో తెలుసా? ఐదు. అన్నీ ఒంటివే, ఐదోది కింద మంద్రానికి.

ఇది తెలిసిన రోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎనిమిదిలోంచి నాలుగు తీసివేత, ఒకటి కూడిక, ఒక వైరు. పాలకొల్లు పిల్లవాడు పుట్టడానికి పదిహేడేళ్ల ముందే భూగోళం అవతలి పక్క అదే లెక్క, అదే జవాబు. ఒకరిని చూసి ఒకరు చేశారా అన్న వాదం నాకు అనవసరం అనిపించింది. గొంతును వెంటాడే ఎవరి చేతిలోనైనా మాండలిన్ ఇలాగే మారాలి. అక్కడ వెంటాడింది బ్లూస్ గొంతును, ఇక్కడ చెంబై బాణీ గొంతును.

ఇక జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. కుర్రతనంలో అమెరికా బ్లూస్ రికార్డులు, మడ్డీ వాటర్స్, లెడ్ బెల్లీ లాంటి వాళ్లవి, విని గిటార్ పట్టాడు. న్యూయార్క్ చేరిన కొద్ది రోజులకే, 1969 ఫిబ్రవరి 18న, జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డింగులో కూర్చున్నాడు. సరిగ్గా పది రోజుల తరవాత పాలకొల్లులో శ్రీనివాస్ పుట్టాడు. దీనికి అర్థం ఏమీ లేదు, అయినా ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకోకుండా ఉండలేకపోయాను.

మెక్‌లాఫ్లిన్ తరవాత అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. వీణ నేర్చినవాడికి గిటార్ మెట్లు చాలవు. అందుకే శక్తి బృందం కోసం చేయించుకున్న గిటార్‌లో మెట్ల నడుమ పలకను గిన్నెలా తొలిపించాడు. వేలు లోతుకు దిగుతుంది, తీగ వీణ తీగలా సాగుతుంది. నాదం వెనక శ్రుతిలా మోగడానికి ఏడు తీగలు ఏటవాలుగా వేయించాడు. ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో ఆ బృందం మొదటి రికార్డు 1976లో వచ్చింది. 1978 నాటికి ఆ బృందం విడిపోయింది. అదే ఏడాది గుడివాడలో తొమ్మిదేళ్ల పిల్లవాడు వేదిక ఎక్కాడు.

ఇప్పుడు ఇద్దరి వాయిద్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకాయన గిటార్ చెక్కను తొలిచాడు. ఇంకొకరు మాండలిన్ తీగలు తగ్గించారు. ఒకాయన జాజ్ నుంచి బయలుదేరి వీణ మీదుగా గమకం దాకా వచ్చాడు. ఇంకొకరు గాత్రం నుంచి బయలుదేరి ఎలక్ట్రిక్ తీగ దాకా వెళ్లారు. దారి మధ్యలో కలుసుకోక ఏమవుతారు?

ఇంకో మాట. జాజ్‌లో గిటార్ ముగ్గురి బృందంలో ఉన్నప్పుడు దానికి దాక్కునే చోటు ఉండదు. మెక్‌లాఫ్లిన్ 1995లో వెలువరించిన ‘ఆఫ్టర్ ద రెయిన్’ అలాంటిదే. గిటార్, జోయీ డిఫ్రాన్సెస్కో ఆర్గన్, ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు, అంతే. ఒకరు ఊపిరి తీసుకుంటే ఆ ఖాళీ కూడా వినపడుతుంది. మన కచేరీ వేదిక కూడా ముగ్గురిదే కదా: ప్రధానం, వయొలిన్, మృదంగం. రాగం, తాళం చేతిలో పెట్టి మిగతాది అప్పటికప్పుడు కల్పించుకోమనడం రెండు చోట్లా ఒకటే. పద్నాలుగేళ్లకు బెర్లిన్ వెళ్లిన పిల్లవాడు అక్కడి శ్రోతలకు తెలియని భాషలో వాయించాడు. కానీ కల్పన చేస్తున్నవాణ్ణి గుర్తుపట్టడం వాళ్లకు తెలుసు.

బెర్లిన్‌కీ, మెక్‌లాఫ్లిన్ పక్కన చేరడానికీ మధ్య ఇంకో ఆధారం దొరికింది. 1995లోనే శ్రీనివాస్, కెనడా గిటార్ వాద్యకారుడు మైకేల్ బ్రూక్ కలిసి చేసిన ‘డ్రీమ్’ రియల్ వరల్డ్ సంస్థ నుంచి వచ్చింది. ఈ బ్రూక్ పేరు పొందింది ‘ఇన్ఫినిట్ గిటార్’ అనే పనిముట్టు కనిపెట్టినందుకు. మీటిన తీగ ఆరిపోకుండా ఎంతసేపు కావాలంటే అంతసేపు మోగుతూ ఉండేలా చేసే గిటార్ అది. తీగ ఆరిపోవడం అనే బాధ పాలకొల్లుదీ, నేపుల్స్‌దీ మాత్రమే కాదన్నమాట.

మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ పాత బృందాన్ని ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ కూర్చాక, మునుపు శంకర్ వయొలిన్ ఉన్న చోట శ్రీనివాస్ మాండలిన్ వచ్చి కూర్చుంది. ‘ద బిలీవర్’ 2000లో, ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ 2001లో వచ్చాయి. రెండోదాంట్లో త్యాగరాజ స్వామి వినాయకుడి మీద బంగాళ రాగంలో చేసిన ‘గిరిరాజసుతా’ కృతి ఆధారంగా ఒక అంశం ఉంది. అది వింటూ నా చిక్కుముడిలో చివరి పోగు కూడా వీడింది. మాండలిన్ కృతిని ఎత్తుకుంటుంది. పాడుతున్నట్టే ఎత్తుకుంటుంది. మాటలు తెలిసినవాళ్లకు మాటలు వినపడతాయి. గిటార్ అందుకుని తన మాటగా చెబుతుంది, అందులో యార్క్‌షైర్ కుర్రాడు విన్న పాత బ్లూస్ తొణుకుతూ ఉంటుంది. పదిహేను ఇరవై సెకన్ల తరవాత ఏ వంతు ఎవరిదో పట్టించుకోవడం మానేస్తాం.

శ్రీనివాస్‌కి 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, చెన్నైలో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయారు. ఆ రోజు మా ఊళ్లో చాలామంది ఇళ్లలో ఆయన పాత కచేరీలు పెట్టుకుని కూర్చున్నాం. తమ్ముడు రాజేష్ అదే వాయిద్యాన్ని పట్టుకున్నారు. అన్నగారి దగ్గర నేర్చినవాళ్లు ఎందరో వాయిస్తున్నారు. మాండలిన్‌ని ఇప్పుడు కర్ణాటక వాయిద్యం కాదనేవాళ్లు లేరు.

మేనల్లుడికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చివరిదాకా విని ఒక్కటే అడిగాడు, సుబ్బరాజు గారు పాడిన రికార్డు ఏదైనా ఉందా అని. నేను క్యాసెట్ అట్ట వాడి చేతిలో పెట్టాను. ఆ పాట వినాలంటే శ్రీనివాస్ వాయించినది వినాలి.

వారం తరవాత మాండలిన్ తెచ్చుకోవడానికి రాజమండ్రి వెళ్లాను. పెద్దాయన మెడ తుడిచి, బిరడాలకు నూనె పెట్టి సిద్ధంగా ఉంచారు.

"తీసినయ్ మళ్లీ ఎక్కించెయ్యమంటారాండి?"

వద్దన్నాను. ఆయన ఒళ్లో పెట్టుకుని ఒకసారి మీటారు. లోపల ఏదో సణుగుతూ తీగను నెమ్మదిగా పైకి లాగారు. మళ్లీ లాగారు. ఈసారి సణుగుడు కాదు, చిన్న గొంతుతో పాడుతున్నారు. తీగ ఆరిపోయిన చోట నుంచి గొంతు అందుకుంది. తరవాత నాలుగు తీగలూ చుట్ట చుట్టి, పేపరు ముక్కలో మడిచి నా చేతికిచ్చారు. అవి ఇంకా బీరువాలోనే ఉన్నాయి.